తడి ఆరని గీత

బోనులు దించే రోజుకు ముందురోజు క్లార్క్స్ హార్బర్ అనే ఆ రేవు ఊళ్ళో ఎవరి బుర్రా సరిగ్గా పనిచేయదు. తెల్లారితే లాబ్‌స్టర్ల సీజను, సముద్రం అడుగుకు బోనులు దించి ఆ పెద్ద రొయ్యల్లాంటి వాటిని పట్టే కాలం. మంచి చోటు ముందు ఎవరు పట్టుకుంటారా అని ఊరు ఊరంతా ఒకటే ఆరాటం. సరిగ్గా ఆ మధ్యాహ్నమే వెండెల్ తన పడవను అక్క ఆర్లీన్ షెడ్డుకు లాక్కొచ్చాడు. నీటి కింది బండ తగిలి ముక్కు దగ్గర అడుగు పగిలింది.

పడవల మరమ్మతు ఆర్లీన్ తండ్రి దగ్గర నేర్చుకుంది. ఈ పడవలు చేసే ఫైబర్‌గ్లాస్ ఇనుములా వంగి ఊరుకునే రకం కాదు, పెళుసుది. పగులు కొస సూదిమొనలా ఉన్నంతకాలం ప్రతి అల దెబ్బకూ ముందుకు పాకుతుంది. ఆ కొస మీద గుండ్రటి రంధ్రం వేస్తే దానికిక పట్టు దొరకదు. ఆ తరువాత చుట్టూ గీకి, గాజునార గుడ్డను పొరలు పొరలుగా రెసిన్ జిగురుతో అతికించాలి. కొస ఎక్కడుందో కనిపెట్టడమే అసలు తంటా. రంగు మీద కనిపించే కొసను నమ్మడానికి లేదు, పగులు దాన్ని దాటి లోపల ఇంకా సాగి ఉండొచ్చు.

ఆమె ఇట్టే ఆవిరైపోయే అసిటోన్‌లో ముంచిన గుడ్డతో పగులు పొడవునా తుడిచింది. చుట్టూ ఇట్టే ఆరిపోయింది. పగుల్లోకి ఇంకిన తడి మాత్రం సన్నటి గీతలా నిలిచింది. కంటికి కనబడే చీలిక ఆగినచోట ఆ గీత ఆగలేదు, ఇంకో బెత్తెడు సాగింది.

"ఇది ఇక్కడితో అయిపోలేదురా. రంగంతా గీకి చూడాలి. రేపు వెళ్ళకు."

"చలికి ఏదైనా ఆలస్యంగానే ఆరుతుందక్కా. నీ ముక్కే ఆరలేదు, చూసుకో," అన్నాడు వెండెల్. "రేపు ఆగానంటే ఆ బ్రానెన్ గాళ్ళు నా చోట్లో బోనులు దించేస్తారు. ఇక చలికాలమంతా నీ షెడ్డు ఊడ్చుకుంటూ కూర్చోవాలి. ఇదిగో, కొస ఇక్కడుంది." వేలు పెట్టి మరీ చూపించాడు.

దీపం పట్టుకుని నిలబడ్డది ఆర్లీన్ భర్త కార్మన్. బావమరిది పడవలోనే అతని పని. "నాకివన్నీ తెలియవు. నువ్వు సరే అంటే గుండె మీద చెయ్యేసుకుని పడుకుంటాను," అన్నాడు భార్యతో.

ఆర్లీన్ మళ్ళీ తుడవలేదు. తుడిస్తే ఆ గీత మళ్ళీ కనిపిస్తుందని ఆమెకు తెలుసు. ఊరంతా బయల్దేరుతుంటే తమ్ముడొక్కణ్ణే ఒడ్డున కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు. చలి మాట నిజమే కావచ్చనుకుంది. మనకు కావలసిన మాట ఎవరన్నా అంటే నమ్మడం ఎంత తేలికో. తమ్ముడు చూపించిన చోటే డ్రిల్లు పెట్టి, రంధ్రం పూడ్చి, పైన గుడ్డ అతికించి, త్వరగా గట్టిపడటానికి వేడి దీపాలు పెట్టింది.

"సరేనా?" అనడిగాడు కార్మన్.

"సరే," అంది.

మర్నాడు తెల్లవారుజామున బోనులు గుట్టగా ఎక్కించుకుని పడవలన్నీ ఒక్కసారి కదిలాయి. ఆర్లీన్ కూడా రేవులో నిలబడి చెయ్యి ఊపింది. ఆ బరువుతో, ఎదురు అలల్లో, వెండెల్ పడవ ముక్కు దగ్గర విచ్చుకుపోయింది. పక్క పడవవాళ్ళు వెండెల్‌ను పైకి లాగారు. కార్మన్ దొరకలేదు. వెతికి వెతికి చివరికి మానేశారు.

ఒడ్డుకు లాక్కొచ్చిన ముక్కు భాగాన్ని రేవు పక్కన పడేశారు. ఆర్లీన్ దాని దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. విరిగిన అంచులో ఆమె వేసిన రంధ్రం సగానికి తెగి నెలవంకలా కనిపించింది. దాన్ని దాటి బెత్తెడు మేర అంచు నల్లగా ఉంది, ముందే ఉన్న పగుల్లో చేరిన పాత మురికి. ఆ తరువాతే తెల్లటి కొత్త విరుపు.

వెండెల్ వెనక వచ్చి నిలబడ్డాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"బోనులు ఎక్కువ ఎక్కించానక్కా. నీ తప్పేం లేదు."

ఆమె నల్లటి అంచు మీద వేళ్ళు ఆనించింది. సరిగ్గా నాలుగు వేళ్ళు పట్టింది.

"చలికి కాదురా, ఆరకపోవడం."

వెండెల్ వంగి ఆ నల్లటి అంచు చూశాడు.

"నాకు ఆ రోజే తెలుసు," అంది. "ఆయన నిన్నడగలేదు. నన్నడిగాడు."