జీపులో ఇనుప పెట్టె

సూర్యాపేటలో హైవే పక్కనున్న వెల్డింగ్ షాపు ముందు జీపు ఆపి కృష్ణమూర్తి కాసేపు దిగలేదు. ఈ పని చేసేవాళ్లు మిర్యాలగూడలో లేక కాదు. ఆయనది నిడమనూరు. ఆ ఊరివాళ్లకు మిర్యాలగూడ అంటే పెరటి లెక్క. కానీ అక్కడ ప్రతి షాపువాడూ ఎరిగినవాడే. జీపు వెనక తాళం పెట్టె ఎందుకని అడుగుతారు. పొద్దుగూకేసరికి ఆ ప్రశ్న ఊళ్లోకి కూడా వచ్చేస్తుంది. అందుకే ఎవరికీ చెప్పకుండా ఇంత దూరం వచ్చాడు.

షాపు జోసెఫ్‌ది. గుట్టలెక్కే బండ్లంటే అతనికి ప్రాణం. జీపు చుట్టూ ఓసారి తిరిగి, టైర్ల మీద చెయ్యేసి, వెనక కాన్వాసు ఎత్తి లోపలికి తొంగిచూశాడు.

"బండి మంచిగ పెట్టుకున్నరు సార్. ఏం జేయాలె?"

"ఎనక సీట్లు తీసేసి ఇనుప పెట్టె పెట్టాలె. తాళం పడాలె."

"ఏం పెడ్తరు అండ్ల?"

"పొలం సామాన్లు. స్ప్రేయరు, జాకీ, పురుగుమందు డబ్బాలు."

జోసెఫ్ నవ్వాడు. "పురుగుమందుకు తాళమా సార్? గదెవడు ఎత్కపోతడు?"

కృష్ణమూర్తి మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. "ఎత్కపోతున్నరు" అన్నాడు.

"ఎంత గట్టిగుండాలె మరి?"

"గుంజితే రావద్దు. రాయి వెట్టి కొట్టినా ఊడొద్దు."

ఎవడో ముదిరిన దొంగే అనుకున్నాడు జోసెఫ్. వెనక సీట్లు విప్పి పక్కన పెట్టాడు. పైపులు కోసి చట్రం కట్టాడు. దాన్ని జీపు అడుగుకు అతికించకుండా, కింద చాసిస్‌కు పట్టేట్టు బోల్టులు బిగించాడు. గతుకుల్లో బండి ఎంత ఊగినా పెట్టె కదలకూడదన్నాడు. మూత తిరిగే కబ్జాలు బయటికి కనపడకుండా లోపలికి పెట్టాడు. మందు వాసన లోపలే మగ్గిపోకుండా పక్కన చిన్న చిన్న బెజ్జాలు వేస్తుంటే కృష్ణమూర్తి దగ్గరికొచ్చి వంగి చూశాడు. ఆ బెజ్జాల్లో వేలు పడుతుందేమోనని తన చిటికెన వేలు పెట్టి చూసుకున్నాడు. పట్టలేదు. అప్పుడు లేచి పోయి బల్ల మీద కూర్చున్నాడు.

గ్రైండరు కింద నిప్పురవ్వలు లేస్తుంటే ఆయనకు భార్య చంద్రకళే కళ్లముందు మెదిలింది.

ఆ రోజు కూడా జీపు ఇంటి ముందు ఇట్లాగే నిలబడి ఉంది. కాలువ అవతలి మడికి దోమపోటు తగిలిందని తెచ్చిన మందు వెనక సీటు కింద ఉంది. ఆయన స్నానం చేసి బయటికొచ్చేసరికి చంద్రకళ జీపు పక్కన నేల మీద కూర్చుని ఉంది. నోటి దగ్గర కొంగు. కళ్లలో భయం. ఆ మందు తాగిందని చూడగానే తెలిసిపోయింది. అదే జీపులో ఆమెను పడుకోబెట్టి మిర్యాలగూడ దాకా హారన్ మీది నుంచి చెయ్యి తీయకుండా తోలాడు.

బతికింది. ఇంటికొచ్చింది. కానీ ఎందుకు అన్న ప్రశ్నకు ఆయనకు జవాబు దొరకలేదు. ఇంట్లో గొడవ లేదు. బిడ్డ చరిత కోదాడలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటోంది. పంట బాగానే ఉంది. గర్భసంచి ఆపరేషన్ అయినప్పటి నుంచి చంద్రకళ నిద్ర లేదనేది, దేని మీదా మనసు పోవట్లేదనేది. అందరికీ ఉండేదే కదా అనుకున్నాడాయన. దవాఖానలో మనసు డాక్టరమ్మ మాత్రం వేరేగా చెప్పింది. ఇది జబ్బు, మందులు పనిచేయడానికి టైము పడుతుంది, అప్పటిదాకా పురుగుమందులు ఆమె చేతికి అందేట్టు ఉంచకండి అని. మిగతాదంతా ఆయన చెవికి సగమే ఎక్కింది. ఈ ఒక్క మాట మాత్రం మేకు దిగినట్టు దిగింది.

బంధువులకు తిన్నది పడలేదని చెప్పాడు. బిడ్డకు కూడా అదే చెప్పాడు.

పని అయ్యేసరికి ఎండ దిగింది. జోసెఫ్ మూత దించి, తాళం వేసి, దాని మీద ఎక్కి నిలబడి చూపించాడు. "ఇగ రంది లేదు సార్. మీ దొంగ వచ్చినా మొహం ఏలాడేసుకొని పోవాలె."

కృష్ణమూర్తి తాళంచెవులు రెండూ జేబులో వేసుకుని, డబ్బులిచ్చి బండెక్కాడు.

ఇంటి ముందు జీపు ఆగగానే చంద్రకళ గడపలోకి వచ్చింది. ఎప్పుడూ రాదు. ఆ రోజెందుకో వచ్చింది. కాన్వాసు కిందుగా మెరుస్తున్న ఇనుప రేకు చూసింది.

"ఏందది?"

"సామాన్లకు. చేల కాడ దొంగలు మోపైన్రు."

ఆమె మెల్లగా మెట్లు దిగి వచ్చి పెట్టె మీద చెయ్యి వేసింది. తాళం వైపు చూసింది. ఆ తర్వాత ఆయన వైపు.

"దొంగను నేనేనా?"

"గట్ల కాదు చంద్రా" అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాడు. ఎట్లా కాదో చెప్పడం ఆయనకు చేతకాలేదు. ఆమె ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్లి అన్నం వడ్డించింది. ఆయన తిన్నాడు. ఆమె తిన్నదో లేదో చూడటానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత ఇంట్లో మాటలు బాగా తగ్గిపోయాయి. టాబ్లెట్ వేసుకున్నావా అని ఆయన, వేసుకున్నానని ఆమె. ఇంతే. రోజూ పొద్దున్న పెట్టె తెరిచి, కావలసిన డబ్బా తీసి, మూసి, తాళం లాగి చూసి, చెవి అంగీ జేబులో వేసుకుని పైనుంచి తట్టుకునేవాడు. అలా తట్టుకునేటప్పుడు చంద్రకళ కిటికీలోంచి చూస్తూ ఉండేది. ఆ చూపు తన వీపుకు తగులుతున్నట్టే ఉండేది ఆయనకు. కాపాడుతున్నానని ఆయన అనుకుంటున్నాడు. ఆమె ఏమనుకుంటున్నదో అడగలేదు. అడిగితే మళ్లీ ఆ రోజు తిరిగొస్తుందేమోనని భయం.

బిడ్డ ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ గొంతు బాగాలేదని అడుగుతుండేది. చివరికి ఈ సంగతి ఫోన్‌లో చెప్పేది కాదని, ఎదురుగా కూర్చుని చెప్పాలని కోదాడ పోవడానికి నిశ్చయించుకున్నాడు.

ఆ పొద్దున్న బయల్దేరుదామని చూస్తే జీపు వెనక టైరులో గాలి లేదు. పెట్టె తెరిచి జాకీ తీశాడు. తీరా చూస్తే స్టెప్నీ కూడా మెత్తగా ఉంది. విసుగొచ్చింది. జాకీ పెట్టెలో పడేసి, రోడ్డు మీదికి నడిచి, మిర్యాలగూడ ఆటో ఎక్కి అక్కడ కోదాడ బస్సు పట్టుకున్నాడు. దారి పొడుగునా బిడ్డకు ఎట్లా చెప్పాలన్నదే ఆలోచన.

చరిత బ్యాంకులోంచి బయటికొచ్చింది. పక్కనున్న టీ కొట్టు దగ్గర చెట్టు నీడన కూర్చున్నారు. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చివరికి చెప్పేశాడు.

చరిత చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. "ఫుడ్ పాయిజన్ అన్నవ్ గదా నాన్నా."

"నువ్వు పరేషాన్ అయితవని..."

"అమ్మ చావబోయి బతికితే నాకు చెప్పవా? నేనెవరిని మరి? అమ్మతోని ఏమన్న మాట్లాడినవా అసలు?"

"ఏం మాట్లాడాలె బిడ్డా? అన్నీ తాళమేసి పెట్టిన. మందు డబ్బా ఒక్కటి గూడ బయట లేదు. సూడు, చెవి ఎప్పుడూ నా జేబులనే..."

ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్లి అక్కడే ఆగింది. జేబు చదునుగా ఉంది. రెండో చెవి బీరువాలో ఉంది. మొదటిది జేబులో ఉండాలి. లేదు. పొద్దున్న జాకీ తీసినప్పుడు తాళానికే ఉంది. మూత దించాడా? దించినట్టు గుర్తు లేదు. జాకీ లోపల పడిన చప్పుడు గుర్తుంది. అంతే.

ఆయన మొహం చూసి చరిత లేచి నిలబడింది. "ఏమైంది?"

"పెట్టె తెరిచే ఉంది" అన్నాడు.

చంద్రకళకు ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాడు. అప్పుడు పక్కింటి ఆండాలుకు చేశాడు. ఆండాలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది, రోజూ చంద్రకళను పలకరించే మనిషి. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాటను ఆయన కోదాడ బజారులో, పదిమందీ తిరిగి చూసేట్టు అరిచి చెప్పాడు.

"ఆండాలూ, ఉరుకు! మా ఇంటికి ఉరుకు! జీపుల మందు డబ్బాలున్నయి. చంద్ర ఇంట్ల ఒక్కతే ఉన్నది. మొన్న ఆమెకు తిండి పడక కాదు దవాఖానకు కొంచవోయింది. మందు తాగింది ఆండాలూ, మందు తాగింది!"

"అయ్యో అన్నా!" అన్న కేక, ఆ వెంటనే పరిగెత్తుతున్న చెప్పుల చప్పుడు వినిపించాయి.

చరిత కారు మాట్లాడింది. డ్రైవరు పరిస్థితి చూసి, "కూర్చోండి సార్, ఏం కాదు, తొందరగా వెళ్దాం" అని కారు ఉరికించాడు. హుజూర్‌నగర్ రాకముందే ఆండాలు ఫోన్ వచ్చింది.

"అన్నా, అక్క ఇంట్ల లేదు. ఎనకా ముందూ అంత సూసిన. ఫోను మంచం మీద్నే ఉన్నది."

"పెట్టె?"

"మూసున్నది. తాళమేసున్నది. చెవి లేదన్నా."

ఎవరు వేశారు? వేసేముందు ఏం తీశారు? కృష్ణమూర్తి రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని తల వంచేశాడు. చరిత ఆయన వీపు మీద చెయ్యి వేసింది. "కాలువ దిక్కు మనుషులను తోలు ఆండాలక్కా" అని తనే ఫోన్‌లో చెప్పింది. కారు పోతూనే ఉంది. ఇరుపక్కలా వరి పొట్టమీద ఉంది. అంత పచ్చదనం వైపు ఆయన తలెత్తి చూడలేదు.

మళ్లీ ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తడానికి చెయ్యి రాలేదు. చరితే అందుకుని స్పీకర్ పెట్టింది.

"నేను" అంది చంద్రకళ గొంతు. "మిర్యాలగూడల ఉన్న. దవాఖాన్ల."

"ఏమైంది? చంద్రా, ఏం జేసుకున్నవ్?"

"ఏం కాలే. బల్ల మీద కూసున్న. డాక్టరమ్మ పొద్దూకినంక వస్తదంట. ఈడ ఒకామె ఫోనడిగి చేస్తున్న. మీరెక్కడున్నరు?"

వయసొచ్చిన బిడ్డ ముందు, ముఖం ఎరగని డ్రైవరు ముందు, కృష్ణమూర్తి వెక్కి వెక్కి ఏడ్చాడు.

దవాఖాన వరండాలో చంద్రకళ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు కూడా దువ్వుకోలేదు, ఇంట్లో కట్టుకున్న చీరతోనే వచ్చేసింది. చరిత పోయి తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. చంద్రకళ బిడ్డ తల నిమురుతూ ఆయన వైపు చూసి, గుప్పిట్లోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. చెమటకు తడిసి ఉంది.

"తెరిచివోయిన్రు" అంది. "ఆకిలి ఊడ్వనీకి వచ్చి సూసిన. చానసేపు గాడనే నిలబడ్డ. ఎంతసేపో నాకే ఎరుక లేదు. ఎవరన్న పిలుస్తే బాగుండనిపించింది. ఎవరు పిల్వలే. మూసిన, తాళమేసిన. ఇగ ఇంట్ల ఉంటే భయమైంది. రోడ్డెక్కి ఆటో ఎక్కిన."

"నాదే తప్పు" అన్నాడాయన. "నేనే మర్చిపోయిన."

"మర్చిపోతరు. మనిషన్నంక మర్చిపోతరు." ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "సూర్యాపేట దాక వోయి పెట్టె చేయించిన్రు. ఇంట్లున్న నన్ను ఒక్క మాట అడగలే."

"ఏమని అడగాలె చంద్రా?"

"ఎట్లున్నదని."

ఆయన ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ఆమె వైపు తిరిగి అడిగాడు. "ఎట్లున్నది?"

"మంచిగ లేదు" అంది చంద్రకళ. చెప్పి, ఆ రోజు మొదటిసారి కళ్లనీళ్లు పెట్టుకుంది. నిద్ర పట్టదని, పొద్దున లేస్తే గుండె మీద బండ పెట్టినట్టుంటుందని, చావాలనే బుద్ధి తనది కాదన్నట్టే ఉంటుందని, అది మళ్లీ రాదని తాను ఒట్టు వేయలేనని, ఒక్కొక్కటే చెప్పింది. ఆయనకు చాలా సంగతులు అర్థం కాలేదు. అయినా లేచిపోలేదు. డాక్టరమ్మ పిలిచినప్పుడు ఎప్పటిలా ఆయన బయట కూర్చోబోతే, "మీరు గూడ రాన్రి" అంది చంద్రకళ.

డాక్టరమ్మ మందులు మార్చింది. ఒంటరిగా ఉంచవద్దంది. పెట్టె మంచిదే, ఉంచండి, కానీ పెట్టెతో పని అయిపోయిందనుకోవద్దని ఆయన కళ్లలోకి చూసి చెప్పింది. చరిత సెలవు పెట్టి కొన్నాళ్లు ఇంట్లో ఉంది. ఆండాలు తన కుట్టుమిషన్ తెచ్చి వీళ్ల వరండాలోనే వేసుకుంది. ఊరంతా తెలిసింది. కొందరు ఓదార్చారు, కొందరు వెనక గుసగుసలాడారు. కృష్ణమూర్తికి అనుకున్నంత చిన్నతనమేమీ అనిపించలేదు. తాళంచెవులు రెండూ ఆండాలు దగ్గర పెట్టమన్నది చంద్రకళే. "మీ దగ్గరుంటే మీ జేబునే సూస్తుంటరు" అంది.

కొన్ని రోజులు బాగుంటున్నాయి. ఒకరోజు ఆమె తనంతట తనే చింతకాయ పచ్చడి నూరి, ఉప్పెక్కువైందని నవ్వింది. కొన్ని రోజులు గోడ వైపు తిరిగి పడుకునే ఉంటుంది. ఆ రోజుల్లో ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఏదో ఒకటి మాట్లాడాలని పొలం సంగతి మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తాడు.

మొన్న కూలీలు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. దోమపోటు పక్క మడికి పాకుతోంది, ఆ రోజు మందు కొట్టకపోతే పంట దక్కదన్నారు. ఆయన చెప్పులు వేసుకుంటుంటే లోపల్నుంచి చంద్రకళ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఇయ్యాల మంచిగ లేదు" అంది.

కృష్ణమూర్తి చెప్పులు విడిచి, రేపు రమ్మని కూలీలకు చెప్పి, లోపలికి వెళ్లాడు.