ఇంద్రసేన పేరుకు చివరి అక్షరం

చిక్కడపల్లిలో ఊరేగింపు మీద పోలీసులు కాల్చిన మర్నాడు పత్రికలో నాలుగు ముక్కలే వచ్చాయి: గుర్తు తెలియని వ్యక్తి మృతి. ఆ గుర్తు తెలియని వ్యక్తికి ఏళ్ల తరబడి వండి పెట్టిన అరుంధతి ప్రెస్సు బైండింగు గదిలో కూలబడింది. శవాన్ని ఇవ్వలేదు. ఎక్కడ పెట్టారో చెప్పలేదు.

చనిపోయిన ఆమె భర్త ఇంద్రసేన ఈ ప్రెస్సులోనే అక్షరాలు పేర్చే కంపోజిటరు. యజమాని కిషన్ రావు ఆ ఊరేగింపు తీసిన ఉద్యమానికి చందాలిచ్చి దండలు వేయించుకున్న పెద్దమనిషి. తీరా అరుంధతి చెప్పిన పేరు పట్టుకుని ఠాణా నుంచి మనిషొస్తే, "గా పేరుతోని మా తాన ఎవ్వల్లేరు" అనేశాడు.

మిషన్ నడిపే జోగారావు కోస్తావాడు. అతనికి ఒళ్లు మండింది. "ఆ పేరేదో ఊరంతా చదవనివ్వండి అరుంధతమ్మా. కొయ్య అక్షరాలు దింపుతాను."

జానెడెత్తు ఇంగ్లీషు అక్షరాలవి. బలిసిన ఒళ్లు, ప్రతి గీత చివరా పలకల్లాంటి పాదాలు. రోడ్డుకవతల నుంచి కూడా కనబడతాయి. సర్కసు, సినిమా, వేలం పాట పోస్టర్లకు తప్ప తియ్యరు. చావు కబురెప్పుడూ చిన్న అక్షరాల్లోనే.

"గవి ముట్టుకుంటే బయటికే," అన్నాడు కిషన్ రావు.

"పోతం," అంది బైండింగు చేసే దమయంతి. "రేపు మేం సస్తే మమ్ముల గూడ ఎరుగనంటవు గద."

పనివాళ్లంతా మిషన్ చుట్టూ నిలబడ్డారు. కిషన్ రావు చెప్పులేసుకుని ఠాణాకు బయల్దేరాడు.

ఇంగ్లీషులో ఆ పేరుకు ‘ఏ’ అక్షరాలు రెండు కావాలి. ఉన్నది ఒక్కటే, తక్కినవాటిని చెదలు తిన్నాయి. అలాంటప్పుడు చివరి చోటు ఖాళీ వదిలి ఒకసారి అచ్చు కొట్టి, ఆరాక అదే అక్షరాన్ని జరిపి మళ్లీ కొట్టడం అక్కడి అలవాటు. మొదటిసారి కొట్టడం అయ్యాక, ఆరేదాకా ఆగొద్దని అందరూ మొత్తుకున్నారు. "తడి మీద కొడితే అలుక్కుపోతుంది. వాడి పేరు అలుక్కుపోకూడదు," అన్నాడు జోగారావు. ఆ పట్టుదలే కొంప ముంచింది. పోలీసులొచ్చి అతన్నీ అక్షరాల పెట్టెనూ ఈడ్చుకుపోయారు. ఆడవాళ్లు మాత్రం తడి కాగితాలూ సిరా డబ్బా పట్టుకుని పెరటి దారిన పడ్డారు.

నారాయణగూడ గోడలకు అంటించారు. అశోక్ నగర్ గదుల్లోని విద్యార్థులు మూగారు.

"అక్కా, ఆఖరి అక్షరం లేదు," అన్నాడొక విద్యార్థి.

"ఎట్లుంటదో జర సూపియ్యి తమ్మీ."

అతను గాలిలో గీసి చూపాడు. అరుంధతి వేళ్లు సిరాలో ముంచి దిద్దింది. వంకరగా వచ్చింది. ఏడుస్తూనే అడుగున లావుపాటి పాదాలు కూడా పెట్టింది. దమయంతి పక్క కాగితం మీద దిద్దింది. తర్వాత విద్యార్థులు, రిక్షావాళ్లు, కూరగాయలు కొనడానికొచ్చిన ఇల్లాళ్లు డబ్బాలో వేళ్లు ముంచారు.

వ్యాను వచ్చి ఆగింది. "ఎవరు రాశారిది?" అని ఇన్‌స్పెక్టరు గద్దించాడు.

నల్లటి చేతులన్నీ పైకి లేచాయి.

"అందరం రాసినం," అంది అరుంధతి. "తీస్కపోండ్రి. నా పెనిమిటిని ఏడ వెట్టిన్రో గాడికే తీస్కపోండ్రి."

పట్టినంతమందిని వ్యానులో కుక్కారు. పట్టనివాళ్లు ఇంద్రసేనను ఎక్కడ పెట్టారని అడుగుతూ ఠాణా దాకా వెనకే నడిచారు.