తిరిగొచ్చేటప్పుడు ఎక్కించుకుంటాం

రేవులో వేలంపాటకు వెళ్లే ఒరియేకి ఒక లెక్క ఉంది: బేరమాడనివాడి సరుకును రెండుసార్లు చూడాలి.

ఆ ఉదయం మిగతా పడవలన్నీ వట్టి వలలతో వస్తే, మొరిజో పడవ ఒక్కటే కానాగంత చేపల బరువుకు కుంగుతూ ఆలస్యంగా వచ్చింది. ఒరియే కావాలనే తక్కువకు పాడింది. ఎప్పుడూ గొంతు చించుకునే మొరిజో తల దించుకుని, "నీకే, తీసుకో" అన్నాడు.

"ఏం మొరిజో, తాగింది ఇంకా దిగలేదా?" అని వెనకనుంచి ఎవరో నవ్వారు. మొరిజో నవ్వలేదు.

ఒరియేది ఎండుచేపల కొట్టు. మొన్నటి తుఫానులో, చేపలారబెట్టే తడికెలు కట్టడానికి అలలను ఆపే గోడ మీదికి వెళ్లిన ఆమె భర్త ఇసబురోను సముద్రం లాక్కుపోయింది. శవం దొరకలేదు. దొరికితే దహనం చేసి, ఎముకలు ఏరి కొండమీది సమాధిలో పెట్టుకోవాలి. ఆమెకు మిగిలింది ఆ ఒక్క కోరికే. ఇసబురోకి వ్యాపారం చేతకాదు. తూకమయ్యాక ఒక గుప్పెడు, కాకముందే ఒక గుప్పెడు కొసరు వేసేవాడు. కాపురమంతా వాళ్ల పోట్లాట ఆ గుప్పెళ్ల గురించే.

చేపలు చీల్చి ఉప్పునీట వేసి, ఆమె మొరిజో పడవ దగ్గరికి వెళ్లింది. పడవ ముక్కు మీద పోసిన సాకే, ఆ బియ్యపు సారా తడి ఇంకా ఆరలేదు. అలా పోసేది చచ్చినవాళ్లకే.

"ఎవరిని చూశావన్నా?"

తాడు చుడుతున్న మొరిజో చేతులు ఆగాయి. "నువ్వల్లిన నీలం స్వెట్టరు..."

"మరి మనిషేడీ?"

సముద్రంలో శవం కనబడితే ఆ ఊరి జాలర్లు ఎబిసు అంటారు, చేపలిచ్చే దేవుడి పేరు. 'చేపలిస్తావా?' అని అడుగుతారు. పడవలో ఒకడు శవం తరఫున 'ఇస్తాను' అంటాడు. అప్పుడు పైకి తీస్తారు. వేటకు పోతూ చూస్తే ఆగమని చెప్పి పోవచ్చట, ఆగుతుందట.

"పోయేటప్పుడు కనబడ్డాడు చెల్లమ్మా. పెద్దలు చెప్పినట్టే అడిగాను. ఇంజను కాడున్న మా బావమరిది 'ఇస్తాను' అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఎక్కించుకుంటాం, ఉండు తమ్ముడూ అన్నాను. వచ్చి చూస్తే లేడు. తెల్లారాక కూడా అక్కడే తిరిగాం."

"అప్పుడే తెచ్చుంటే ఒక్క పూట వేట పోయేది. అంతేగా?"

"అంతే."

"ఆ పూట ఖరీదు నా మొగుడన్నమాట."

మొరిజో మోకాళ్ల మీద కూలబడి నేలకు తల ఆనించాడు. ఒరియే అతన్ని లెమ్మనలేదు. తిడితే తన గొంతు పోతుంది, మనిషి రాడు.

"అతను సరుకు ఇచ్చేశాడు. నీ మాటే మిగిలుంది. రేపు వలలు ఒడ్డున దింపేసి బయల్దేరు. నేనూ వస్తాను."

"ఆడమనిషి పడవెక్కితే చేపలు పడవు చెల్లమ్మా."

"పడక్కర్లేదు."

మర్నాడు ఆమె పడవ ముక్కున నిలబడి నీలం రంగు కోసం వెతికింది. సముద్రమంతా నీలమే. మధ్యాహ్నానికి నీటికాకులు గుంపుగా దిగాయి. పడవ చుట్టూ నీళ్లు కానాగంతలతో ఉడికినట్టు కదిలాయి. బావమరిది చేతులు వాటంతటవే వల ఉండే చోటికి పోయి, ఆగిపోయాయి.

మొరిజో మొహం తిప్పుకున్నాడు. "ఇంకా ఇస్తూనే ఉన్నాడు చెల్లమ్మా."

ఒరియే నీళ్లకేసి చూస్తూనే ఉంది.

"ఎప్పుడూ అంతే," అంది. "అవతలివాడు ఏమిస్తాడో చూసుకోడు."