శాలువా కప్పిన పూట

మోహిని సైంటిస్టు అయిందని జాలరిపేటంతా గొప్పగా చెప్పుకునేది. సొంత తండ్రి బోటు మీద మాత్రం ఆమెను కాలు పెట్టనిచ్చేది కాదు. పూండి దగ్గర ఆ ఒడ్డున, ఆడది బోటెక్కితే గంగమ్మకు కోపం వస్తుందట. చిన్నప్పుడు ఆడుకుంటూ ఎక్కేసినందుకు తండ్రి ఢిల్లీరావు పసుపునీళ్ళతో బోటంతా కడిగాడు. అదే మోహిని ఇప్పుడు సముద్రం అడుగున నీరు ఎటు లాగుతోందో చెప్పే యంత్రం తయారుచేసింది. అది ఉంటే వలలు చిరిగిపోయే చోటు ముందే తెలుస్తుంది. తొలి పరీక్షకు విశాఖ బోటే చూసుకోమని ఆఫీసువాళ్ళు చెప్పినా వినలేదు. మా అయ్య బోటులోనే, మా నీళ్ళలోనే, నా చేతులతోనే దింపుతానని పట్టుబట్టింది.

ఢిల్లీరావు మాటిచ్చాడు కూడా. గంగమ్మ గుడి ముందు నిలబడి మరీ ఇచ్చాడు.

"నా బోటు, నా కూతురు. ఎవడడ్డొత్తాడో సూత్తాను" అన్నాడు.

మోహిని పొంగిపోయింది. యంత్రాన్ని ఎలా కట్టాలో, ఎంత లోతుకు దింపాలో తమ్ముడు యువరాజుకు ఓపిగ్గా నేర్పింది. బోటులో తనకు సాయంగా ఉంటాడు కదా అనుకుంది, పిచ్చిది.

బయలుదేరే రోజు పొద్దున్నే పేట పెద్ద కూర్మయ్య కబురు పెట్టాడు. ముందు సన్మానం, ఆ తర్వాతే సముద్రం అన్నాడు. తల్లి బంగారమ్మ పట్టుచీర కట్టించి జడలో కనకాంబరాలు తురిమింది. తురుముతున్నంతసేపూ కూతురి ముఖం చూడలేదు. అప్పుడైనా అనుమానం రావద్దూ! రాలేదు. కన్నతల్లిని అనుమానించడం ఏ చదువులో నేర్పుతారు?

షామియానా, మైకు, పూలదండ అన్నీ సిద్ధం చేశారు. ఆడపిల్లలంతా మోహినిలా పైకి రావాలని కూర్మయ్య చాలాసేపు మాట్లాడాడు. శాలువా భుజాల మీద పడుతుండగా ఇంజను చప్పుడు వినిపించింది. మోహిని తిరిగి చూసింది. తండ్రి బోటు కెరటాలు దాటి వెళ్ళిపోతోంది. అందులో తండ్రి వెనకే యువరాజు నిలబడి ఉన్నాడు, అతని పక్కనే ఆమె యంత్రం. జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. ఆమెకు తప్ప అందరికీ ముందే తెలుసు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. కాకపోతే ఇక్కడ గుడ్డకు జరీ ఉంది.

బోటు తిరిగొచ్చేదాకా మోహిని ఇసుకలోనే కూర్చుంది. ఢిల్లీరావు తడి బట్టలతో దిగి, నవ్వబోయి మానేశాడు.

"పనైపోనాది బుల్లీ. తమ్ముడు నువ్వు సెప్పినట్టే దింపినాడు. పేటోళ్ళతో గొడవెందుకని..."

యంత్రం నిజంగానే బాగా పనిచేసింది. అదే ఆమెకు ఎక్కువ మండింది. లేచి, యంత్రం తీసుకుందామని బోటు వైపు చేయి చాపింది. ఢిల్లీరావు గబుక్కున అడ్డం వచ్చాడు. అడ్డం వచ్చాక తానేం చేశాడో అతనికే తెలిసి తల దించుకున్నాడు.

మోహిని శాలువా తీసి తండ్రి భుజాల మీద కప్పింది.

"నువ్వే ఉంచుకో అయ్యా. సముద్రం మీదకెల్లొచ్చినోడివి నువ్వు. ఒడ్డున కూకున్నదానికి ఇదెందుకు?"