తల గోడకు, తల రోడ్డుకు

అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. ఆ భూతం దూరడానికి జానెడు సందు చాలునని మాత్రం చెప్పలేదు. అది గొడుగులాయన్ని చూసి నేర్చుకోవాలి.

గొడుగులు బాగుచేసే ఆయనా, ఆయన పెళ్ళామూ మూతపడిన బట్టల కొట్టు అరుగు మీద పడుకునేవారు. వాళ్ళుండే గదిని ఇంటాయన పడగొట్టించి రెండేళ్ళయింది. మళ్ళీ గది దొరకలేదు. పగలు అదే అరుగు మీద ఆయన కడ్డీలు బిగించేవాడు, ఆమె చిరిగిన గుడ్డ కుట్టేది. నిరుడు చలికాలంలో ఆమె రొమ్ములో నెమ్ము చేరి, ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉండి, చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడింది. అప్పటినుంచీ ఆమె కొంచెం గట్టిగా ఊపిరి తీసుకున్నా ఆయన చేతిలో పట్టకారు ఆగిపోయేది. అంత ప్రేమ. ప్రేమ ఉంటే ఉంది గానీ, బుద్ధి ఉండొద్దూ?

ఆ ఏడు దగ్గు జ్వరం వీధిలోకి వచ్చింది. దాని వెనకాలే సుద్దముక్క పట్టుకుని నర్సమ్మ వచ్చింది. అరుగు మీద పడుకునే నలుగురినీ నిలబెట్టింది.

"ఇది దగ్గితే అంటుకుంటుంది. గది లేనివాళ్ళకి గాలే గది, దూరమే తలుపు," అంది. మనిషికీ మనిషికీ మధ్య బారెడు వదిలి గీతలు గీసింది. "ఒకళ్ళ తల గోడకు, పక్కవాళ్ళ తల రోడ్డుకు. మొహం ఎదురుగా మొహం ఉండకూడదు. ఎవరి గ్లాసు వాళ్ళదే. ఎవరి దుప్పటి వాళ్ళదే. దగ్గు వస్తే మోచేతిలో దగ్గండి, నా మీద కాదు."

అరుగుకి ఒక కొస గోడ లేకుండా తెరిచి ఉంటుంది, గాలి ధారాళంగా వస్తుంది. అక్కడ గొడుగులాయన పెళ్ళాన్ని పడుకోమంది, తల గోడకు. పక్కన ఆయన, తల రోడ్డుకు. ఆయన పక్కన కత్తులకు సాన పట్టేవాడు, తల గోడకు. ఆఖర్న మూటలాయన, తల రోడ్డుకు. మూటలాయనంటే బస్సుల దగ్గర సామాను మోసే మనిషి.

"ఇదిగో, సాన పట్టే అబ్బాయీ, నీకు నెల కిందట ఈ జ్వరం వచ్చి పోయింది. ఇప్పట్లో నీకు మళ్ళీ రాదు. మూటలాయన రోజంతా వందమందిలో తిరిగొస్తాడు. ఈ అమ్మకి మళ్ళీ జ్వరం తగిలితే ఆ ఊపిరితిత్తులు తట్టుకోవు. అందుకని నువ్వు మధ్యలో గోడలా పడుకో," అంది నర్సమ్మ.

గొడుగులాయన ఆ మాట విన్నాడు. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. ఎందుకంటే ఆయన మనసు అప్పటికే ఇంకో లెక్కలో పడింది. తన తల రోడ్డుకి. పెళ్ళాం తల గోడకి. సానవాడి తలా గోడకే! అంటే వాళ్ళిద్దరి తలలూ ఒకవైపు, మధ్యలో తన కాళ్ళు. ఇరవై రెండేళ్ళ కాపురంలో పక్కమీద వాలాక ఆమె చెప్పే కబుర్లు తన చెవిన పడేవి. ఇప్పుడు తన పాదాలకు చెబుతుందా?

పాదాలకు చెప్పలేదు. పాదాల మీదుగా చెప్పింది.

మొదటి రోజే ఆయన అటు తిరిగి వాలి, కాస్త కునుకు పట్టేసరికి ఆ కొస నుంచి గుసగుస వినిపించింది. "వదినా, చూడు చూడు" అన్నాడు సానవాడు. ఆమె కిసుక్కున నవ్వింది. ఆయన తలెత్తి "ఏంటే?" అన్నాడు. "ఏం లేదు, పడుకో" అంది. పడుకోమన్నవాళ్ళు నిద్రెక్కడ పోనిస్తారు! రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. సానవాడికి ముప్పై ఐదేళ్ళు, ఒత్తయిన జుట్టు. తనకేమో నెత్తి మీద నాలుగు వెంట్రుకలు, అవీ ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవు. పైగా వాడు ఆమె కత్తెరకి ఊరికే సాన పట్టి ఇచ్చేవాడు. ఆ కత్తెర గుడ్డని కోస్తుంటే తన గుండెని కోసినట్టే ఉండేది ఆయనకి.

నాలుగో రోజు పొద్దున సానవాణ్ణి నిలదీశాడు.

"ఏరా, వదినా వదినా అని ఆ సరసాలేంటి? అక్కా అని పిలవలేవూ?"

సానవాడు తడుముకోలేదు. "అలాగే అన్నా. కానీ ఆమె అక్కయితే నువ్వు బావవవుతావు. వదినంటే హాస్యం ఆవిడతో. అక్కంటే హాస్యం నీతో. ఏది కావాలో తేల్చుకో."

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది ఆయన పెళ్ళామే. అది మరీ మండింది.

ఆ సాయంత్రం ఆయన ఓ ఘనకార్యం చేశాడు. "నీ సాన నూనె కంపు నాకు పడదు, అవతలికి పో" అని సానవాణ్ణి ఆఖరుకి నెట్టి, మూటలాయన్ని పక్కకి తెచ్చుకున్నాడు. సానవాడు "నర్సమ్మ చెప్పింది కదా" అని గొణిగాడు. "నర్సమ్మకేం తెలుసు నా సంసారం" అన్నాడు ఈయన.

మూటలాయనకి రోడ్డు కనిపిస్తేనే గానీ నిద్ర పట్టదు. తల రోడ్డుకే పెట్టాడు. గొడుగులాయన తలా రోడ్డుకే. సుద్దగీతలు అప్పటికే కాళ్ళకింద చెరిగిపోయాయి, మూటలాయన పరుపేమో పెద్దది, బారెడు కాస్తా మూరెడయింది. మొహానికి మొహం. మూటలాయన ఆ వారమంతా దగ్గుని దుప్పట్లో కుక్కుకుంటున్నాడని ఎవరికీ తెలీదు. తెలిస్తే చోటు పోతుందని ఆయన భయం. గొడుగులాయన మాత్రం ఆ పూట హాయిగా నిద్రపోయాడు. గుసగుసలు లేవు మరి!

మూడు రోజులకి మూటలాయన జ్వరంతో తూలిపోయాడు. నర్సమ్మ ఆయన్ని ఎదుటి మైదానంలో రోగులకోసం వేసిన డేరాకి తీసుకెళ్ళింది. ఇంకో రెండు రోజులకి, మధ్యాహ్నం పూట, గొడుగులాయన కడ్డీ బిగిస్తుంటే గొంతులో గరగరమంది. ఒళ్ళు సలసల కాగింది. పెళ్ళాం అలవాటు కొద్దీ కుట్టిన గుడ్డ అందించబోతూ దగ్గరికి జరిగింది.

"రాకు!" అని అరిచాడు. "అక్కడే ఉండవే, నీకు దండం పెడతాను."

ఇరవై రెండేళ్ళలో ఆమెని రావద్దనడం అదే మొదలు. ఆమె గుడ్డ పట్టుకుని అలాగే ఉండిపోయింది.

నర్సమ్మ వచ్చి చూసింది. అరుగు చూసింది. వరస చూసింది. ఆమె ముఖం కోపంతో ఎర్రబడింది.

"గోడని ఎవరు తీశారు?"

"నేనే" అన్నాడాయన. సిగ్గుతో చచ్చిపోయాడు. "నా పెళ్ళానికి తగిలిందా అమ్మా?"

"ఇప్పటికి జ్వరం లేదు. మీ కాళ్ళ వైపు తల పెట్టింది కాబట్టి బతికిపోయిందేమో. వారం చూడాలి. మీరు డేరాకి పదండి."

ఆయన మూట కట్టుకుంటూ ఆగాడు. తన చోటు ఖాళీ అవుతుంది. ఖాళీ చోటు కనిపిస్తే చాలు, వీధిలో ఎవడో ఒకడు వచ్చి వాలతాడు. ఏ దగ్గుతో వస్తాడో, మొహం ఎటు పెడతాడో! ఆమె పక్కన పడుకోడానికి భయంలేని మనిషి ఈ అరుగు మీద ఒక్కడే ఉన్నాడు. అది ఎవరో తెలిసి ఆయన పళ్ళు పటపట కొరికాడు. ఒక్క నిమిషం పాటు, ఒట్టు, వాడు తప్ప ఎవరైనా ఫరవాలేదనిపించింది. ఆ మాట మనసులో అనుకుని, తనని తానే తిట్టుకున్నాడు.

మూతికి గుడ్డ కట్టుకుని, దూరం నుంచే పిలిచాడు.

"ఒరేయ్, ఇలా రా. అంత దగ్గరికి కాదు. నా చోట్లో నువ్వు పడుకో."

సానవాడు నోరు తెరిచాడు. "నేనా?"

"నువ్వే. తల రోడ్డుకి పెట్టాలి. గోడకి పెట్టావో, డేరాలోంచి లేచొచ్చి నీ సానరాయితో నీ తలే అరగదీస్తా. బారెడు దూరం. కొత్తవాడెవడైనా వస్తే అటు చివరికి పొమ్మను. దాని గ్లాసు ఎవరినీ ముట్టుకోనివ్వకు."

"సరే బావా" అన్నాడు సానవాడు నెమ్మదిగా. ఈసారి హాస్యానికి కాదు.

ఆయన పెళ్ళాం వైపు తిరిగాడు. "ఒక్క మాట చెప్పవే. రోజూ నా కాళ్ళ మీదుగా మీరిద్దరూ ఏం చెప్పుకుని నవ్వేవాళ్ళు?"

ఆమె కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది. "నీ కాళ్ళ గురించే, పిచ్చి మనిషీ. నిద్రలో నీ కాలివేళ్ళు కడ్డీలు బిగిస్తాయయ్యా. ఒక్కో వేలూ వంగి, బిగించి, వదులుతుంది. నిద్రలో కూడా పని చేసే మొగుడు ఎవరికుంటాడని వాడికి చూపించేదాన్ని."

ఆయన మూట భుజానేసుకున్నాడు. రోడ్డు దాటి డేరాలోకి వెళ్ళి వాలాడు.

వారం గడిచింది. ఆమెకి జ్వరం రాలేదు. ఆయనకి జ్వరం దిగింది గానీ, ఇంకొన్నాళ్ళు కదలొద్దంది నర్సమ్మ. రోజూ దీపాలు పెట్టే వేళకి డేరా తెర తొలగించి అరుగు వైపు చూసేవాడు. పెళ్ళాం తల గోడకు, సానవాడి తల రోడ్డుకు. అంతా సరిగ్గానే ఉంది. మరి మనసెందుకు ఊరుకోదు? ఆమె తల పక్కన ఇప్పుడు సానవాడి పాదాలున్నాయి. వాటిని చూసి కూడా నవ్వుతోందా ఏం?

ఉండబట్టలేకపోయాడు. "ఏమే, వాడి వేళ్ళు కూడా ఆడతాయా?" అని రోడ్డు అవతలికి కేకేశాడు.

"లేదయ్యా! కొయ్య ముక్కల్లా పడుంటాయి. ఏం తోచడం లేదు నాకు!"

చాలు. ఆయన పక్క అటుది ఇటు తిప్పేశాడు. తల డేరా లోపలికి పెట్టి, రెండు కాళ్ళూ తెర బయటికి, దీపం వెలుగులోకి చాపాడు. మెలకువగానే ఉండి ఒక్కో వేలూ వంచి, బిగించి, వదిలాడు. రోడ్డు అవతల అరుగు మీద ఆమె కిసుక్కున నవ్వడం ఆయనకి వినిపించింది.