పతకం వెనక గీత

ఆవిడ పతకాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని తెచ్చింది. భర్త పోయి నెల దాటిందట. ఆయన దీపం గుర్తు సోదర సమాజంలో సభ్యుడు. పోయినవాళ్ళ పతకాలను ఆ సమాజం వాళ్ళు తమ సభామందిరంలో అద్దాల బీరువాలో ఉంచుతారు. ఆయనదీ అక్కడ చేరాలని ఆవిడ కోరిక. అంత్యక్రియలకు సమాజం తరఫున ఒక్కరూ రాలేదు. కబురు అందలేదేమోనని సరిపెట్టుకుంది. బీరువాలో ఆయనకు చోటు దొరికితే ఆ లోటు తీరుతుందని ఆశ.

పాత పతకాలు, ఉంగరాలు, సంఘాల గుర్తులు చూసి ఏ కాలానివో, ఎంత చేస్తాయో చెప్పడం నా వృత్తి. రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుని, నా నోట అబద్ధం రానివ్వకు తండ్రీ అని వేడుకుని కొట్టు తెరుస్తాను. చాలా రోజులు ఆ కోరిక తేలిగ్గానే తీరుతుంది.

ఆవిడ అడిగినవి రెండు. పతకం అసలుదేనని, విలువ ఇంతని రాసివ్వాలి. వెనకవైపు సభ్యసంఖ్య మీద పడిన గీత కనబడకుండా చెయ్యాలి.

“అది నా చేతి చలవేనండీ,” అంది.

ఎప్పుడో పళ్ళపొడి వేసి తోమిందట. కొన్నాళ్ళకు చూస్తే గీత. భర్త దగ్గర ఏడ్చింది. ఆయన కోప్పడలేదు, పోనీలే, చేతులన్నాక జారతాయి అన్నారు. ఆనాటి నుంచి ఆవిడ దాన్ని ముట్టలేదు. నెలనెలా సమావేశానికి వెళ్ళేముందు ఆయనే కోటుకు తగిలించుకునేవారు. అక్కడ ఎవరైనా పతకం తీసి చూస్తే గీత కంట పడుతుందేమోనని ఇంట్లో ఆవిడకు గుబులు.

భూతద్దం కంటికి పెట్టుకున్నాను. వెండి మీద బంగారు పూత. రెండు చేతుల మధ్య దీపం. జ్వాలలో నిప్పురంగు ఎనామిల్ ఒక్క పెచ్చు కూడా ఊడలేదు. పిన్ను పాతకాలపు కొక్కెమే, తయారీదారు ముద్ర సరిగ్గా ఉంది. అసలుదే. వెనక్కి తిప్పాను.

తోమితే పడే గీతలు వెంట్రుకల్లా ఉంటాయి, గుంపుగా, పైపైన. ఇది ఒక్కటే. మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా సన్న ఉలితో ఏటవాలుగా చెక్కింది. ఇలాంటివి ఇదివరకు ఒకటి రెండు చూశాను. ఆ సమాజం ఎవరినైనా వెలివేస్తే పతకం లాక్కోదు, అది సభ్యుడు సొంతంగా చేయించుకున్నది కదా. సంఖ్యను కొట్టేసి, పతకం చేతికిచ్చి పంపుతారు.

గీత పూడ్చడం చిటికెలో పని. కాని మందిరంలో ఆ సంఖ్య ఎవరిదో తెలియకపోతుందా? నలుగురి ముందూ తిప్పి ఇచ్చేస్తారు. పోనీ ఉన్నమాట చెబుదామంటే, పోయిన మనిషిని మళ్ళీ చంపినట్టవుతుంది. దేవుడు నిజం చెప్పమన్నాడు, సరే. ఎవరూ అడగని నిజాన్ని ఏం చెయ్యాలో కూడా చెప్పి ఉంటే బాగుండేది. వారం ఆగి రమ్మన్నాను.

అప్పుడే మా బావమరిది లోపలికొచ్చాడు. కొట్లో అమ్మకాలు వాడే చూస్తాడు. మనసు వెన్న, నోటికి గడియ లేదు. పతకం అందుకుని వెనక్కి తిప్పాడు.

“అమ్మగారూ, ఈ గీత పూడ్పించకండి. మామూలు పతకం కంటే దీనికే గిరాకీ. వెలేసినవాళ్ళు సిగ్గుతో కరిగించేసుకుంటారు కదా, అందుకని మిగిలినవి బహు తక్కువ.”

బల్ల కింద వాడి కాలు తొక్కాను. అప్పటికే అయిపోయింది.

“ఎవరిని వెలేశారు బాబూ?” అంది ఆవిడ.

వాడు నావైపు చూశాడు. ఇక దాచేదేముంది, నేనే చెప్పాను. వాడు మంచినీళ్ళ వంకతో లోపలికి పోయాడు.

ఆవిడ ఏడవలేదు. “అయితే ఇది నేను గీసింది కాదన్నమాట.”

“కాదమ్మా.”

“క్షమించమని అడిగితే, క్షమించారు కూడానండీ.”

ఇస్త్రీ కోటు వేసుకుని ఆయన నెలనెలా ఎక్కడికి పోయేవారో, ఏ బల్ల మీద కూర్చుని పొద్దుపుచ్చేవారో తనకు తెలియదంది. తిరిగొచ్చి కోశాధికారి గురక గురించి, అధ్యక్షుడి చెవుడు గురించి చెప్పేవారట, ఇద్దరూ నవ్వుకునేవారట. ఆ కబుర్లలో ఎవరూ ముసలివాళ్ళు కాలేదని, కొత్తగా ఎవరూ చేరలేదని ఇప్పుడు తోస్తోందంది.

బావమరిది నీళ్ళ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. తను వెంట వస్తానని, ఎందుకు వెలేశారో మందిరంలోనే అడుగుదామని మెల్లగా అన్నాడు.

“వద్దు నాయనా. ఆయన నాకు చెప్పకూడదనుకున్నది వాళ్ళ నోట వినను.”

తర్వాత భూతద్దం అడిగి తీసుకుంది. ఎలా పట్టుకోవాలో చూపించాను. గీతను ఆ చివర నుంచి ఈ చివరదాకా చూసింది.

“ఎంత లోతుగా ఉందండీ,” అంది. “ఒక్కసారి తిన్నగా చూసినా తెలిసేది, పళ్ళపొడి పని కాదని. సిగ్గేసి చూడలేదు.”

పతకాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టుకుని, నీళ్ళు తాగకుండానే లేచింది. విలువెంతని అడగలేదు. నేనూ చెప్పలేదు.