నీలం పెట్టె, ఎర్ర పెట్టె

వర్లిన్ స్టకీ లారీ చుట్టూ తిరుగుతూ టైర్లను ఒక్కొక్కటిగా కర్రతో కొడుతున్నాడు. గాలి సరిగా ఉన్న టైరు ఖంగుమంటుంది. తగ్గిన టైరు దిండును కొట్టినట్టు చప్పుడును మింగేస్తుంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ రోజూ పొద్దున్నే చేసే పని కాబట్టి చెవి తన పని తాను చూసుకుంటుంది, మనసు ఎక్కడికైనా పోయి రావచ్చు. ఆ కర్ర నిజానికి బేస్‌బాల్ బ్యాటు. పెళ్ళికి ముందు అతని భార్య లవాన్ స్కూలు జట్టులో ఆడినది. చివర చిట్లితే కోసి పొట్టి చేసి తన బండిలో వేసుకున్నాడు.

మనిషి పొడగరే, కానీ సీటు ఎలా వంచితే అలా వంగిపోయాడు. భుజాలు ముందుకు జారాయి, పొట్ట స్టీరింగు ఆనే చోట రెండుగా మడత పడింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా ఇటుక రంగు, కుడి చెయ్యి పిండి రంగు. ముఖంలో కూడా ఎడమ వైపే ముడతలెక్కువ. డ్రైవరు కిటికీ ఎడమ వైపే, ఎండ ఎప్పుడూ అటు నుంచే కదా వచ్చేది. ఆ ఎడమ చెయ్యి వసంతం నుంచీ భుజం మొదలుకొని చిటికెన వేలి దాకా లాగుతోంది. డ్రైవర్లలో దీనికి కిటికీ చెయ్యి అని పేరే ఉంది. గాలి కొట్టీ కొట్టీ అందరికీ వచ్చేదే. ఎవరూ దాని గురించి డాక్టరు దగ్గరికి పోరు. పోతే ఆయన చేతిని వదిలిపెట్టి గుండె చూస్తానంటాడు, గుండె చూస్తే ఆరోగ్య కార్డు మీద సంతకం పెట్టనంటాడు. ఆ కార్డు లేనివాడికి లారీ ఇవ్వరు. వర్లిన్‌కు వచ్చే నెలలోనే ఆ పరీక్ష ఉంది. చెయ్యి సంగతి ఎత్తకుండా గట్టెక్కాలని అతని ఆలోచన.

చివరి టైరు కొట్టాక ఊపిరి అందలేదు. బురదరేకు పట్టుకుని నిలబడ్డాడు. నుదుటి మీద చల్లటి చెమట పట్టింది. పొద్దున తిన్న సాసేజి గ్రేవీని తిట్టుకుని, కర్రను సీటు కింద తోసి, ట్రక్ స్టాప్ దుకాణం లోపలికి నడిచాడు.

లోపల టోపీలు, తాళ్ళు, ఎండు మాంసం పొట్లాలు దాటితే అమ్మకాలు చూసే రోనెట్ కౌంటరు. ఆమె వెనక అద్దాల అరలో రెండు రేడియో పెట్టెలున్నాయి, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. రెండూ ఉపగ్రహం నుంచి పాడేవే. ఒకసారి పెట్టుకుంటే తూర్పు సముద్రం నుంచి పడమటి సముద్రం దాకా అదే గొంతు, గుర్రుమనడం, మాయమవడం ఉండదు. రెండు కంపెనీలకూ పడదు. నీలం వాళ్ళు బేస్‌బాల్‌ను కొనుక్కున్నారు. ఎరుపు వాళ్ళు ఫుట్‌బాల్‌నూ, కార్ల రేసులనూ కొనుక్కున్నారు. ఆ ఏడాది నెబ్రాస్కా దారి మీద డ్రైవర్లంతా రెండు పార్టీలుగా చీలిపోయి, కాఫీ దగ్గర ఒకళ్ళ పెట్టెను ఒకళ్ళు తిట్టుకోవడంతోనే పొద్దుపుచ్చేవాళ్ళు.

తన కోసమైతే వర్లిన్ ఎరుపే కొనేవాడు. కార్ల రేసులంటే చెవి కోసుకుంటాడు. బేస్‌బాల్ పిచ్చి లవాన్‌ది. పెళ్ళయిన కొత్తలో ఆమె వంటింట్లో రేడియో పెట్టుకుని వింటుంటే, బండిలో అతనూ అదే ఆట పెట్టుకోవడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఫోను చేస్తే మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా. పుట్టిన ఒక్క బిడ్డా దక్కలేదు. ఆ తర్వాత ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తని మాట చుట్టూ మిగతా మాటలు కూడా ఒక్కొక్కటే ఎండిపోయాయి. ఆటొక్కటే మిగిలింది. ఫలానావాడు బంతి వదిలేశాడు, ఫలానావాణ్ణి జట్టులోంచి తోసెయ్యాలి, ఇవే వాళ్ళ ముచ్చట్లు. మిస్సోరీ, ఇల్లినాయ్ దాటని దారుల్లో తిరిగినన్నాళ్ళూ ఆ రేడియో అందుతూనే ఉండేది. ఈ వసంతంలో కంపెనీ అతన్ని పడమటి దారికి మార్చింది. పగటి పూట ఆట రాష్ట్రం పొలిమేర దాటకుండానే గుర్రుమని చచ్చిపోతోంది. అప్పటి నుంచీ ఫోనులో "తిన్నావా?" "తిన్నాను" "ఎండగా ఉందా?" "ఉంది." తర్వాత ఇద్దరి ఊపిరీ. మొన్న లవాన్ "సరే మరి, డబ్బులెందుకు దండగ" అని ముందే ఫోను పెట్టేసింది. అది వర్లిన్ మనసులో మేకులా దిగింది. ఇలాగే ఇంకొన్నాళ్ళు సాగితే తన ఇంట్లో తాను పరాయివాడు అయిపోతానని అతనికి భయం పట్టుకుంది.

"ఇంకా పెళ్ళిచూపులేనా?" వెనక నుంచి డ్యూవీ వచ్చి వీపు మీద చరిచాడు. అదే కంపెనీలో డ్రైవరు, గడ్డంలో సగం తెల్లబడ్డ ఆర్కన్సా మనిషి. "వేసవంతా చూస్తున్నావు. మా తాత మూడో పెళ్ళికి కూడా ఇంత ఆలోచించలేదురా!"

"చూడనీవోయ్."

"చూడ్డానికేముంది? ఎర్రది కొను. ఫుట్‌బాలుంది, రేసులున్నాయి, మనోళ్ళు ఫోన్లు చేసి యజమానుల్ని అమ్మనా బూతులు తిట్టేది ఉంది. ఆ నీలందాంట్లో ఏముంది? బేస్‌బాలు! కళ్ళతో చూస్తేనే గడ్డి మొలిచేదాకా కూచున్నట్టుంటుంది. దాన్ని చెవుల్తో వింటావా?"

"మా ఆవిడ వింటుంది."

"మీ ఆవిడ ఇంట్లో ఉందిరా ముసలోడా. బండిలో ఉన్నది నువ్వు."

వర్లిన్ ఎర్ర పెట్టె వైపు ఒకసారి ఆశగా చూశాడు.

రోనెట్ చూయింగ్ గమ్‌ను బుగ్గన పెట్టుకుంది. "నాయనా, ఒక్క మాట. దీన్లోది దాన్లో రాదు, దాన్లోది దీన్లో రాదు. అట్ట చింపాక వెనక్కి తీసుకోను. తర్వాత నా దగ్గరకొచ్చి ఏడవకు."

"పెళ్ళిలాంటిదన్నమాట," అన్నాడు డ్యూవీ.

"పెళ్ళయితే నయం. ఇద్దర్ని వెనక్కిచ్చేశాను నేను."

డ్యూవీ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగి వర్లిన్ "నీలందే ఇవ్వు" అన్నాడు.

"పెళ్ళాం చాటు మొగుడా! అక్టోబరుకి ఆటలైపోతాయి. చలికాలమంతా ఏం వింటావు?"

"చలికాలం సంగతి చలికాలంలో చూద్దాంలే."

పెట్టెతో పాటు ఒక నల్లబిళ్ళ వచ్చింది, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, కింద అయస్కాంతం. ఉపగ్రహం గొంతును పట్టే ఆ బిళ్ళను బండి నెత్తి మీద అతికించాలి, ఆకాశం కనిపించేలా. వర్లిన్ మెట్టు మీద కాలు పెట్టి, మళ్ళీ దించేశాడు. "నువ్వెక్కరా. చెయ్యి పట్టేసింది."

డ్యూవీ ఎక్కి అతికించాడు, తీగను తలుపు సందులోంచి లోపలికి తీశాడు. దిగుతూ వర్లిన్ మొహం చూసి నవ్వు ఆపాడు. "రంగు బాలేదు. చూపించుకోరాదూ?"

"చూపిస్తే కార్డు పోతుంది. కిటికీ చెయ్యేలే."

డ్యూవీ తన ఎడమ భుజం తడుముకున్నాడు. "నాకూ ఉందనుకో," అన్నాడు. ఆ విషయం అక్కడితో అయిపోయింది.

మధ్యాహ్నానికి వర్లిన్ ఊరి బయట సరుకుల గోదాము ఆవరణలో బండి నిలిపాడు. వెనక కుక్కల ఆహారం బస్తాలున్నాయి. కాపలా మనిషి ఒక మూల చూపించి, సరుకు దించడానికి పిలుస్తాము, కదలొద్దని చెప్పి వెళ్ళాడు. ఎప్పుడు పిలుస్తారో ఆ దేవుడికే తెలియాలి. ఈ ఉద్యోగంలో సగం బతుకు తోలడం, సగం ఇలా కూర్చోవడం. వర్లిన్ బూట్లు విప్పి, పెట్టె మీట నొక్కాడు. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత, ఎక్కడో సెయింట్ లూయీలో కూర్చున్న ముసలి వ్యాఖ్యాత, ముక్కులోంచి వచ్చే ఆ పాత గొంతు, పక్క సీటులో కూర్చున్నట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు. వర్లిన్ వెంటనే ఫోను తీశాడు.

"ఆట పెట్టావా?"

"పెట్టకుండా ఉంటానా? నీకెందుకిప్పుడది," అంది లవాన్.

అతను ఫోనును పెట్టె దగ్గర పట్టుకున్నాడు.

"అయ్యో వర్లిన్," అంది లవాన్. "మన ముసలాయన గొంతే. వంటింట్లో నా వెనకే నిలబడ్డట్టున్నావు."

ఈ ఒక్క మాట కోసమే కొన్నాడు. పెట్టిన ప్రతి పైసా దక్కిందనుకున్నాడు.

కానీ కాసేపటికే లవాన్ "అబ్బ, పట్టేశాడు పాడు వెధవ!" అంది.

"ఎవడు? బంతి ఇంకా వెయ్యందే!"

"వెయ్యకపోవడమేంటి? కొట్టాడు, ఆ ఎడమవైపు వాడు పరిగెత్తి పట్టేశాడు."

వర్లిన్ నోరు తెరిచి పెట్టె వైపు చూశాడు. ఒక గుక్క కాఫీ తాగి కప్పు కింద పెట్టేంత సేపయ్యాక, అందులో ముసలాయన బంతి వేశాడన్నాడు, కొట్టాడన్నాడు, పట్టేశాడన్నాడు. మాట ఆకాశానికి పోయి రావాలి కదా, అక్కడ ఆలస్యమవుతోంది. అతని మొహం మాడిపోయింది. ఇద్దరూ ఒకేసారి వినాలనే కదా రేసులు వదులుకుని ఇది కొన్నది.

"మోసం! ఆ రోనెట్ ఒక్క ముక్క కూడా చెప్పలేదు. డ్యూవీ గాడి మాట విన్నా బాగుండేది."

లవాన్ నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఆమె అలా నవ్వి ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు లేదు. "ఏడుపెందుకయ్యా? ఇన్నేళ్ళూ నువ్వే ముందు పోయి చూసొచ్చి, ఆ కొండ అలా ఉంది, ఈ నది ఇలా ఉందని నాకు చెప్పావు. ఇవాళ నేను ముందు చూస్తున్నా. కాస్త ఓర్చుకో."

ఆపైన ఆమెకు అదే ఆటైపోయింది. "ఒళ్ళు దగ్గర పెట్టుకో, ఒకటొస్తోంది నీకు" అనేది. లేకపోతే అయ్యయ్యో అని ఊరుకునేది, అతను ఊపిరి బిగబట్టి ఎదురుచూసేవాడు. కొన్నిసార్లు ఏమీ జరక్కుండానే అయ్యయ్యో అని ఏడిపించేది. ఆట సాగుతున్నకొద్దీ వాళ్ళ మాటలు ఆట దాటి పోయాయి. పెరట్లో టమాటాలు, పక్కింటివాళ్ళ కుక్క, వాళ్ళ పెళ్ళినాడు కురిసిన వాన. బిడ్డ పేరు కూడా లవాన్ నోట ఒకసారి వచ్చింది, "మన క్లారా ఉంటే ఈపాటికి..." అని. వర్లిన్ "అవును" అన్నాడు. అంతే అన్నాడు కానీ, గుండెల మీంచి బస్తా దించినట్టయింది. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి కుడిచేత్తో ఎడమచెయ్యి పిసుక్కుంటూ కూర్చున్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"చెయ్యెలా ఉంది?"

"ఉంది."

"నేనిచ్చిన మందు రాశావా?"

"రాశా," అన్నాడు. ఆ గొట్టం మూత కూడా తియ్యలేదు.

చివరి ఇన్నింగ్స్ వచ్చింది. వాళ్ళ జట్టు ఒక్క పరుగు వెనకబడి ఉంది. ఇద్దరు అవుటయ్యారు, మూడోవాడు పోతే ఆట అయిపోయినట్టే, ఇద్దరు కదలడానికి సిద్ధంగా బేసుల మీదున్నారు. కొత్తగా వచ్చిన పొట్టివాడు బ్యాటు పట్టుకున్నాడు.

"లవాన్, ఈసారి చెప్పకు. నన్ను విననీ. ఏం జరిగినా సరే, నోరెత్తకు."

"సరే బాబూ. కుట్టేసుకుంటున్నా."

వంటింట్లో ఆమె రేడియోలో పొట్టివాడు కొట్టాడు. బంతి గోడ దాటింది, ఆట గెలిచేశారు. జనం అరుపుకు రేడియో పగిలిపోయేలా ఉంది. లవాన్ గిన్నెలు తుడిచే గుడ్డ నోట్లో కుక్కుకుని, ఫోను తీగ సాగినంత మేరా గెంతింది. మాట ఇచ్చింది, నోరెత్తలేదు. ఫోనులోంచి అతని బండిలో ముసలాయన గొంతు వినబడుతోంది, బంతి ఇంకా చేతిలోనే ఉంది. వేశాడు. కొట్టాడు. అదే అరుపు అక్కడ కూడా లేచింది. ఇప్పుడు వర్లిన్ స్టీరింగును అరచేత్తో ఫట్టుమని కొడతాడు, ఎప్పుడూ కొడతాడు. ఆ చప్పుడు కోసం చూసింది.

రాలేదు. ఏడిపిస్తున్నాడనుకుంది. తనకూ ఒకటి బాకీ తీరుస్తున్నాడనుకుని నవ్వుతూనే నిలబడింది.

"వచ్చిందా నీకు?" అంది కాసేపాగి. "ఇప్పుడు మాట్లాడొచ్చా నేను?"

ఫోనులో ముసలాయన ప్రేక్షకులకు సెలవు చెప్పాడు. సబ్బు గురించి ఎవరో పాడారు. లవాన్ ఫోను పెట్టలేదు. వర్లిన్, వర్లిన్ అని పిలుస్తూనే ఉంది. చాలాసేపటికి ఎవరో తలుపు తట్టిన చప్పుడు, మీ వంతు వచ్చిందని ఒక కొత్త గొంతు, తలుపు తెరుచుకున్న చప్పుడు, ఆ తర్వాత ఆ గొంతు దేవుణ్ణి తలుచుకోవడం వినబడ్డాయి.

బండిలోని సామాన్లు డ్యూవీయే మిస్సోరీలో లవాన్ ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చాడు. రెండు చొక్కాలు, బూట్లు, మూత తియ్యని మందు గొట్టం, పొట్టి బ్యాటు, నీలం పెట్టె. లవాన్ అన్నిటినీ వంటింటి బల్ల మీద సర్దింది.

"నేను చెప్పేసి ఉండాల్సింది డ్యూవీ. చెప్పొద్దన్నాడని ఊరుకున్నా. నా దగ్గర గెలిచేశారు. ఆయన దగ్గర ఇంకా గెలవలేదు. ఆ మధ్యలో పోయాడేమో."

డ్యూవీ అతన్ని చూడనే లేదు, శవాన్ని తీసేటప్పుడు వయోమింగ్‌లో ఉన్నాడు. "విన్నాడమ్మా," అన్నాడు. "మొహం నవ్వుతూనే ఉందంట."

ఆమె నమ్మలేదు. అయినా అతనికి ఇంకో కప్పు కాఫీ పోసింది. ఆ రాత్రి డ్యూవీ తన భుజం తడుముకుంటూనే తిరిగి బండి తోలాడు, డాక్టరు దగ్గరికి మాత్రం పోలేదు.

వర్లిన్ లారీని కంపెనీ ఒక కొత్త డ్రైవరుకు ఇచ్చింది. అతను ఎరుపు పార్టీ. తన బిళ్ళ అతికించుకోవడానికి పైకెక్కి, అక్కడున్నది ఎవరిదో ఏమిటో తెలియక, పీకే ఓపిక లేక, పక్కనే తనది పెట్టుకున్నాడు. ఆ లారీ ఇప్పటికీ నెబ్రాస్కా దారిలోనే తిరుగుతోంది. దాని నెత్తి మీద, తలుపు దగ్గర తెగ్గోసిన తీగతో, దుమ్ము పట్టిన ఆ నల్లబిళ్ళ అలాగే అతుక్కుని ఉంది.